రోబోకు కనబడుతుంది, సారుకు కనబడదు

ఇల్లు ఊడ్చే రోబోలు వచ్చిన కొత్తలో ఓ పెద్ద చిక్కు వచ్చిపడింది. పెంపుడు కుక్క రాత్రిపూట హాల్లో పని కానిచ్చేస్తే, ఈ బుద్ధిమంతురాలు దాన్ని ఇల్లంతా అలికి పెట్టేది. చూసి చూసి అమెరికా కంపెనీ ఐరోబోట్ 2021లో రూంబా జె7+ అనే కెమెరా యంత్రాన్ని దింపింది. కుక్క పెంట కనబడితే పక్కకు తప్పుకుంటుందని, తప్పుకోకపోతే కొత్తది ఇస్తామని హామీ కూడా ఇచ్చింది. దానికి ఆనవాలు నేర్పడానికి ఇంజనీర్లు పిల్లలు ఆడుకునే రంగు ముద్దలతో నమూనాలు చేశారట. పెద్ద చదువులు ఊరికే పోతాయా!

యంత్రానికొచ్చిన ఆ చూపు మన అపార్ట్‌మెంట్ సారుకు ఎప్పుడొస్తుందో. పొద్దున్నే చేతికి అడుగులు లెక్కెట్టే వాచీ, చెవుల్లో బడ్స్, కుక్క టామీ మెడకు జీపీఎస్ పట్టీ. టామీ ఎదురింటి గేటు ముందు నడుం వంచిందో లేదో, సారుకు వాట్సాప్‌లో అర్జెంటు పని తగులుతుంది. అది లేవగానే "పద నాన్నా" అంటూ గొలుసు లాగుతాడు. ఇంటికొచ్చి కాలనీ గ్రూపులో స్వచ్ఛభారత్ మెసేజీ ఫార్వర్డ్ చేస్తాడు, దండం బొమ్మతో సహా. టామీ ఎక్కడ ఆగిందో మ్యాపు మాత్రం ఆయన ఫోన్లోనే భద్రంగా ఉంటుంది.

సారూ, రేపట్నుంచి జేబులో ఓ పాత పేపరు ముక్క, ఓ కవరు పెట్టుకోండి. వాటికి చార్జింగ్ కూడా అక్కర్లేదు.