మూత ఎవరు తీస్తారు?

షష్టిపూర్తికి పట్టుపంచెలు పెట్టే రోజులు పోయాయి. ఇప్పుడు డాలస్‌ కొడుకు సూట్‌కేసు అడుగున ప్రొటీన్‌ పౌడర్‌ డబ్బా దిగుతోంది, తోడుగా షేకర్‌ బాటిల్‌. కుల్ఫీలో ప్రొటీన్‌, మజ్జిగలో ప్రొటీన్‌, మెక్‌డొనాల్డ్స్‌ బర్గర్లో 5 గ్రాముల ప్రొటీన్‌ ముక్క. కోడిగుడ్డులో 6 గ్రాములు ఎప్పట్నుంచో ఉన్నాయి గానీ, ఆ సంగతి పెంకు మీద అచ్చేయించుకోవాలని కోడికి తోచలేదు.

ఆ డబ్బాని ఒకసారి దగ్గర్నుంచి చూడాలి. నల్లటి డబ్బా, దాని మీద కండలు తిరిగిన కుర్రాడు. పెద్దాయన మూత తిప్పుతారు. తిరగదు. తువ్వాలు చుట్టి తిప్పుతారు. ఊహూ. పొట్టకి ఆనించుకుని, పళ్లు బిగించి ప్రయత్నిస్తారు. చివరికి ఇంటర్‌ చదివే మనవడు ఫోన్లోంచి తలెత్తకుండానే ఒక్క మెలి తిప్పి ఇచ్చేస్తాడు.

మూత కింద రేకు. రేకు చించడానికి కత్తి, కత్తి కోసం వంటింట్లోకి ప్రయాణం. చెంచా ఏమో పిండిలో పాతాళానికి దిగిపోయి ఉంటుంది. బలం పోస్తానన్న సరుకు కదా, దాన్ని తెరిచేపాటి బలం మాత్రం ఎవరికి వారే ముందుగా తెచ్చుకోవాలి!

సరే, తాగారు. తాగి ఏం చేస్తారు? సోఫాలో కూర్చుంటారు. లేస్తే ఇంట్లోవాళ్లు ఊరుకోరు మరి. కూరల సంచి పట్టుకుంటే లాక్కుంటారు. మెట్ల వైపు చూస్తే లిఫ్టు బటన్‌ నొక్కుతారు. జిమ్‌ మాటెత్తితే ఇల్లంతా నవ్వు.

ఇది ప్రేమ కాదు, మూర్ఖత్వం. కండ పెరగాలంటే దానికి బరువు తగలాలి. బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలో మరియా ఫియాటరోన్‌ బృందం తొంభై ఏళ్ల వాళ్ల చేత 8 వారాలు కాళ్లతో బరువులు ఎత్తించింది. చివరిదాకా నిలిచిన తొమ్మిది మందికీ బలం సగటున 174 శాతం పెరిగిందని 1990లో ప్రకటించింది. 1994లో అదే బృందం వందమందితో ఇంకో పరీక్ష ఫలితాలు వెల్లడించింది. బరువులు ఎత్తినవాళ్ల బలం 113 శాతం పెరిగింది. వ్యాయామం లేకుండా పోషక పానీయం మాత్రం తాగినవాళ్ల నీరసం తగ్గలేదు. ముప్పై ఏళ్లు దాటిన సంగతి ఇది. అయినా అమ్ముడుపోయేది పానీయమే, ఎందుకంటే పది గుంజీలని డబ్బాలో పోసి అమ్మడం కుదరదు.

మోకాళ్ల నొప్పులు, బీపీ, డాక్టర్ని అడగాలి కదా అంటారు. అడగాల్సిందే. మరి పౌడర్‌ కొనేముందు ఎవరు అడిగారు? షుగరుతో కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకి అదనపు ప్రొటీన్‌ తమాషా వ్యవహారం కాదు. కండలు పెంచడానికి ప్రొటీన్‌ సప్లిమెంట్లు వద్దని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లోనే చెప్పింది. తార్నాక మాట కంటే డాలస్‌ డబ్బా బరువెక్కువ కాబోలు. వయసుతో ప్రొటీన్‌ అవసరం కాస్త పెరిగే మాట నిజమే. పెసరట్టు, పెరుగు, చేప ఎక్కడికీ పోలేదు.

అరవై అయిదు దాటినవాళ్లు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకి పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఈ ఇంట్లో ఆ అవకాశం నిన్న ఉదయం రానే వచ్చింది. పెద్దాయన అల్మరా పైనుంచి కిలో డబ్బా దించబోయారు. వంటింట్లోంచి కోడలు పరుగెత్తుకొచ్చింది.

“అయ్యో, మీరెందుకు మావయ్యగారూ, అంత బరువు!”