వేదాంతి అన్న

సూరత్ దగ్గర కడోదరా వైపు సాంచాల (మరమగ్గాల) ఖాతాల్లో నలుగురు తెలుగువాళ్లు చేరితే అందులో ఒకడు వేదాంతి అన్న అయి తీరతాడు. ఊరు సిరిసిల్ల వైపో, వరంగల్ వైపో. షిఫ్టు పన్నెండు గంటలూ నోరు విప్పడు. విప్పినా ఆ సాంచాల మోతలో ఎవరికి వినపడుతుంది? ఆ బాకీ అంతా చార్‌రస్తా చాయ్ బండి దగ్గర వడ్డీతో సహా తీర్చుకుంటాడు.

"తమ్మీ, మనిషంటే ఏందో ఎరుకనా?"

"ఎరుక లేదన్నా" అనాలి. "ఎరుకే" అన్నవాణ్ణి మళ్లీ చాయ్‌కి పిలవడు.

1977లో వచ్చిన దానవీరశూరకర్ణలో సుయోధనుడు కులాన్ని నిలదీసే ఘట్టం ఆయనకు కంఠతా వచ్చు. కొండవీటి వెంకటకవి మాటలు, ఎన్టీఆర్ గొంతు, ఊపిరి మాత్రం అన్నది. 2013 నాటి అత్తారింటికి దారేదిలో రైల్వే స్టేషన్ ప్రసంగమూ వచ్చు. అది చెప్పేటప్పుడు ఎదురుగా ఎవరుంటే వాళ్లే అత్త. కళ్లు తుడుచుకోవాలి.

నవ్వుతాం గానీ, అన్నను తప్పుపట్టలేం. పొద్దంతా ఎవరో ఒకరి మాట వినే మనిషికి, మూడు నిమిషాలు ఎవరూ అడ్డురాని మాటంటే ఆశ ఉండదా? పైగా సుయోధనుడి మాట ఉత్త వేదాంతం కాదు. నిండు సభలో ఒకడికి అవమానం జరుగుతుంటే పుట్టిన మాట. చిక్కల్లా తర్వాతి సినిమాలతోనే. అవమానమూ లేదు, సభా లేదు, హీరో మాత్రం జీవితం గురించి మొదలుపెడతాడు. చుట్టూ ఉన్నవాళ్లు కదలరు. పాపం, నిలబడినందుకే వాళ్లకు డబ్బులిచ్చారు.

1982 నాటి బ్లేడ్ రన్నర్‌లో రట్గర్ హవర్ తన మరణ ఘట్టం మాటలను తనే కత్తిరించి పొట్టివి చేసుకున్నాడని, మాట పొట్టిదైనా పండుతుందని, ఒక కుర్రాడు అన్నకు చెప్పి చూశాడు.

"గొంతు నొచ్చి ఉంటది" అన్నాడు అన్న.

మొన్న కిరాయికి ఇంటి ఓనరు వచ్చాడు. గుజరాతీ పెద్దమనిషి. అన్న గడప మీద నిలబడి, పైసలు శాశ్వతమా, మనిషి శాశ్వతమా అని ఎత్తుకున్నాడు. ఆయన ఒక్క ముక్క అర్థం కాకపోయినా చేతులు కట్టుకుని చివరిదాకా విన్నాడు.

"బరాబర్ ఛే," అన్నాడు, "భాడుం?"

అన్న జేబు తడిమి నోట్లు లెక్కపెట్టాడు. రెండు వందలు తక్కువ. పక్కన నోరు తెరిచి వింటున్న కుర్రాడి వైపు చెయ్యి చాచాడు.

"టికెట్ అనుకో తమ్మీ."