ఆరు నాబ్‌లు చాలు బిడ్డా

మా రోజుల్లో దౌల్తాబాద్, కొడంగల్, తాండూరు పక్క పెండ్లికైనా, వినాయక చవితి పందిరికైనా ఆర్కెస్ట్రా వచ్చిందంటే అందులో బాస్ గిటార్ వాయించే మనిషి ఉండి తీరేవాడు. మేము కర్ణాటక సరిహద్దు దాటి సేడం, గుర్మిట్కల్ దాకా పోయి వాయించి, తెల్లారేసరికి ఊరు చేరేవాళ్లం. ఇప్పుడు పాడేవాళ్లు ఇద్దరొస్తారు, మిగతాదంతా పెన్‌డ్రైవ్‌లో ట్రాక్. బారాత్‌కు డీజే బండి వస్తుంది. కిటికీ రెక్కలు అదురుతాయి గాని, ఆ మోతలో బాస్ ఏ స్వరం మీద నడుస్తోందో చెప్పమంటే ఒక్కరు చెప్పలేరు.

ఈ మధ్య మా దిక్కు పిల్లలు కొందరు మళ్లీ బాస్ గిటార్ పడుతున్నారు. సంతోషమే. కాని చేతికి రాగానే వాళ్లు అడిగేది ఒక్కటే: "కాకా, ప్రీఆంప్ పెడల్ కొనుడెందుకు? లాప్‌టాప్‌ల సాఫ్ట్‌వేర్ ఏస్తే దునియల ఉన్న ఆంపులన్నీ అండ్లనే ఉన్నయి గదా?" నేను చెప్పేదీ ఒక్కటే: మొదటి పైసలు పెడల్‌కు, అంటే ఆంప్ గొంతునిచ్చే ఆ చిన్న పెట్టెకు, పెట్టు బిడ్డా.

మాకు ఆ పెడల్ కూడా దొరకలేదు. మైక్‌సెట్టాయన ఆంప్లిఫయర్‌లోనే తీగ గుచ్చేవాళ్లం. దానికి తగిలించిన హారన్ స్పీకర్ మనిషి మాట కోసం పుట్టింది. బాస్ లావు తీగ పలికేది 41 హెర్ట్జ్ దగ్గర; ఆ లోతు హారన్‌కు అందదు. పైగా గిటార్ పికప్‌కు మెగా ఓమ్ దరిదాపుల్లో ఇంపెడెన్స్ ఉన్న ఇన్‌పుట్ కావాలి. మైక్ ఇన్‌పుట్‌లో ఉండేది రెండు మూడు వేల ఓమ్‌లు. అందులో గుచ్చితే తీగ మీది మెరుపంతా పోయి మొద్దు చప్పుడు మిగిలేది. అందుకే పదిహేను ఇంచీల స్పీకర్ బిగించిన చెక్క డబ్బాను ట్రాక్టర్‌లో వేసుకుని తిరిగేవాళ్లం. ఎర్తింగ్ సరిగా లేని పందిట్లో కరెంటు గుయ్యిమనేది. ఆ గుయ్యి 50 హెర్ట్జ్. లావు తీగ మూడో ఫ్రెట్ మీద నొక్కితే పలికే స్వరం 49. మన స్వరం పక్కనే కరెంటు కూర్చుని మనతో పోటీ పడేది. ఆ కష్టాలన్నీ పడ్డాం గనకే పెడల్ విలువ మాకు తెలుసు.

న్యూయార్క్‌లో ఆండ్రూ బార్టా 1989లో శాన్స్‌ఆంప్ అనే ప్రీఆంప్ పెడల్ తెచ్చాడు. తర్వాత బాస్ కోసం అదే కంపెనీ, టెక్ 21, బాస్ డ్రైవర్ డీఐ చేసింది. మొదట వచ్చిన దాని మీద ఆరు నాబ్‌లు: ప్రెజెన్స్, డ్రైవ్, బ్లెండ్, లెవెల్, బాస్, ట్రెబుల్. వీటిలో బ్లెండ్‌ను చూడండి. ఒక పక్కకు తిప్పితే మన గిటార్ ఉన్నదున్నట్టు వస్తుంది, ఇంకో పక్కకు తిప్పితే వాల్వ్ ఆంప్ గొంతు వస్తుంది. నడుమ ఎక్కడ ఆపాలో మన చెవే చెప్పాలి. బయటికొచ్చే సిగ్నల్‌ను ఏ మిక్సర్‌లోనైనా మైక్ తీగతో నేరుగా ఇవ్వొచ్చు. వోల్టేజీ పడిపోయినా తొమ్మిది వోల్టుల బ్యాటరీ మీద నడుస్తుంది. ఇలాంటి బాస్ పెడళ్లలో చాలావాటికి ఆదర్శం 1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్‌వీటీ అనే ఆంప్. మూడు వందల వాట్లు, పది ఇంచీల స్పీకర్లు ఎనిమిది. ఆ బరువు మోయడానికి మనుషులను కూడగట్టాలి. ఆ గొంతు చాలా వరకు పెడల్ ఇస్తుంది, భుజానికి సంచి చాలు.

సాఫ్ట్‌వేర్‌ను నేను తిట్టడం లేదు. ఇంట్లో రాత్రిపూట రికార్డింగ్‌కు అంతకు మించింది లేదు. శుభ్రమైన సిగ్నల్ దాచుకుని ఆంప్‌ను తర్వాత మార్చుకోవచ్చు, పక్కింటివాళ్లకు నిద్ర చెడదు. ఫిన్లాండ్‌లోని హెల్సింకీలో 2009లో డార్క్‌గ్లాస్ అనే బాస్ పెడళ్ల కంపెనీ పెట్టిన డగ్లస్ కాస్ట్రోనే తర్వాత న్యూరల్ డీఎస్‌పీ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీకీ సహ వ్యవస్థాపకుడయ్యాడు. రెండూ చేసినవాడికి వాటి మధ్య గొడవ లేదు. నా బాధంతా ఆ సాఫ్ట్‌వేర్ మన పిల్లలకు నేర్పిన "తర్వాత మారుద్దాం" అనే అలవాటు మీద. సాయంత్రమంతా ప్రీసెట్లు తిప్పుతారు, స్కేలు ఒక్కటి సాధన చేయరు.

ఇక స్టేజీ మీదికి లాప్‌టాప్ తెచ్చారనుకోండి. సెకనుకు 48 వేల శాంపిళ్లు, ఒక్కసారి పోగుచేసే బఫర్ 256 శాంపిళ్లు పెడితే ఒక్క బఫర్‌కే ఐదు మిల్లీసెకన్లకు పైగా పోతాయి. లోపలికి, బయటికి కలిపితే పది దాటుతుంది. డ్రమ్స్‌తో ఊపిరి కలిపి వాయించాల్సినవాడికి అది వేళ్లలో తెలుస్తుంది. బఫర్ తగ్గిస్తే పాత లాప్‌టాప్ చిటపటలాడుతుంది. దానికి తోడు తాండూరు పక్క రాతి దుమ్ము, యూఎస్‌బీ తీగ మీద ఎవరో ఒకరి కాలు. పాట నడుమ స్క్రీన్ నిలిచిపోతే పెండ్లివాళ్లకు ఏం చెప్తారు?

మన ఫంక్షన్ హాళ్ల సంగతి ఇంకొకటి. కింద షాబాద్ బండలు, చుట్టూ నున్నటి గోడలు, ఒక్క పరదా ఉండదు. హెడ్‌ఫోన్‌లో తియ్యగా విన్న బాస్ అక్కడ బొయ్యిమని మోగి పాటను మింగేస్తుంది. మేము పాట మొదలుకాకముందే పొడుగు తీగ పట్టుకుని చివరి కుర్చీల దాకా పోయి వాయించుకుని వినేవాళ్లం. వెనక్కొచ్చి బాస్ నాబ్ తగ్గించేవాళ్లం. ఆ పని ఏ ప్రీసెట్టూ చేయదు.

అసలు సంగతి పరికరంలో కాదు, వేలిలో ఉంది. అమెరికాలోని మోటౌన్ స్టూడియోలో జేమ్స్ జేమర్సన్ అనే బాస్ వాద్యకారుడు ఫెండర్ ప్రెసిషన్ బాస్‌ను నేరుగా కన్సోల్‌కు గుచ్చి, కుడిచేతి ఒక్క చూపుడు వేలితో వాయించాడు. 1989లో గీతాంజలి సినిమా పాటలు క్యాసెట్టులో వచ్చినప్పుడు మేము ఇళయరాజా బాస్ నడకలను వెనక్కి తిప్పి తిప్పి నేర్చుకున్నాం. ఆ పాటల్లోనూ మాకు వినబడింది వేలి అదుపే.

కాబట్టి పిల్లలూ, పెడల్ ఒకటి కొనండి. మూడు సెట్టింగులు కుదుర్చుకుని కాగితం మీద రాసుకోండి: ఇంటికొకటి, హాలుకొకటి, బయటి పందిరికొకటి. ఏడాది పాటు వాటిని దాటకండి. తర్వాత సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఏం వెతకాలో మీకే తెలిసి ఉంటుంది. పెండ్లి పెద్దలకూ ఒక మాట: ట్రాక్‌కు ఇచ్చే పైసల్లో కొంత బాస్ వాయించే పిల్లవాడికివ్వండి. వాడికి వాయించే చోటు దొరక్కపోతే పెడలైనా, లాప్‌టాపైనా బీరువాలోనే ఉంటుంది.