వానాకాలం మినహా

మన దేశంలో పెద్ద గని తవ్వాలంటే ముందు పర్యావరణ ప్రభావ అధ్యయనం చేయించాలి. ఈ అధ్యయనాలకు సంబంధించిన 2006 నోటిఫికేషన్ కింద గనుల కోసం కేంద్ర పర్యావరణ శాఖ తయారుచేసిన నమూనా విధివిధానాల్లో ఒక ముచ్చటైన షరతు ఉంది. గాలి, నీరు, నేల, చప్పుడు... వీటి వివరాలు ఒక్క సీజన్ సేకరిస్తే చాలు. మార్చి నుంచి మే దాకానా, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకానా, చలికాలమా, మీ ఇష్టం. వానాకాలం మాత్రం వద్దు. అంటే, గుట్టల మీది మట్టి వాగుల్లోకి దిగే ఆ నాలుగు నెలలే అధ్యయనానికి సెలవులు.

పిల్లలు బడిలో ఎంత అల్లరి చేస్తున్నారో చూసి రమ్మంటే, వేసవి సెలవుల్లో వెళ్లి, తరగతి గదులు ప్రశాంతంగా ఉన్నాయని రాసుకొచ్చినట్టుంది ఈ వ్యవహారం.

ఏప్రిల్లో కన్సల్టెంటు వస్తాడు. చీలమండ తడవని వాగులో సీసా ముంచుతాడు. నీరు తేటగా ఉందని రాస్తాడు. అందులో అబద్ధమేమీ లేదు, అదే దాని గొప్పతనం!

ఈ షరతుకు కారణం లేకపోలేదు. వాన పడితే దుమ్ము అణిగిపోతుంది, గాలి ఉన్నదానికంటే శుభ్రంగా కనిపిస్తుంది. కాబట్టి గాలిని పొడి కాలంలో, దాని పాపం బయటపడే కాలంలో కొలవాలి. భేషైన ఆలోచన. మరి అదే తెలివి నీటికి ఎందుకు వర్తించదు? గాలిని దోషిగా పట్టుకోవడానికి ఎంచుకున్న కాలమే నీటిని నిర్దోషిగా వదిలేస్తోంది.

ఇక నివేదికలోని బొమ్మలు చూడాలి. తవ్వి పోసిన మట్టి కుప్ప, అంటే డంపు, దాని చుట్టూ వాననీటిని మళ్లించే గార్లాండ్ డ్రెయిన్, అడుగున రిటైనింగ్ గోడ, చివర బురద అడుగుకు దిగేందుకు నీలిరంగులో సెటిలింగ్ పాండ్. అనుమతి పత్రంలోని షరతు ఇంకా ఘనం: 50 ఏళ్ల వర్షపాతం లెక్కల్లోని గరిష్ఠ వానను తీసుకుని, దానిపై మరో 50 శాతం కలిపి, ఆ నీరు పట్టేంత సంపు (నీటి గుంట) కట్టాలి. కాగితం మీద ఒక్క చుక్క బయటికి పోదు.

కానీ మట్టి రేణువుకు కాగితం చదవడం రాదు. ఇసుక నిమిషాల్లో అడుగుకు చేరుతుంది. 2 మైక్రాన్ల బంకమట్టి రేణువు మాత్రం నిలకడ నీటిలో ఒక్క మీటరు దిగడానికి దాదాపు 3 రోజులు తీసుకుంటుంది. నిరుటి పూడికే తియ్యని గుంటలో ఈ ఏటి నీటికి చోటెక్కడ? ఒక గట్టున చేరిన ఎర్రనీరు అదే ఊపున రెండో గట్టు దాటి వాగులో పడుతుంది. పొలంలో మేట వేశాక కంపెనీ నుంచి ప్రకటన వస్తుంది: "అనూహ్య వర్షం". జులైలో వాన పడుతుందని మన దేశంలో ఎవరూ ఊహించలేదు పాపం.

ఉత్పత్తి లెక్కల దగ్గరికి రండి, అక్కడ వాన భలే గుర్తుంటుంది. ఏటా వానలకు ఓపెన్‌కాస్ట్ గనుల్లో పని ఆగితే, ఎన్ని టన్నుల బొగ్గు నష్టపోయామో సాయంత్రానికల్లా లెక్క తేలుతుంది. అదే వానకు డంపుల నుంచి ఎన్ని టన్నుల మట్టి వాగులో కలిసిందో అడిగి చూడండి. టన్నుల లెక్క తెలిసినవాళ్లెవరూ ఆ పూట ఆఫీసులో ఉండరు.

వానలో కొలిస్తే ఏం తేలుతుందో కర్ణాటకలోని కుద్రేముఖ్ చూపించింది. ఏటా 6,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడే కొండల్లో ఇనుప ఖనిజం తవ్వారు. పరిశోధకులు వానాకాలంలోనే భద్రా నది నీటిని పట్టి కొలిచారు. పరీవాహక ప్రాంతంలో ఒక్క శాతం కూడా లేని గని ప్రాంతం నుంచే నదిలోని ఒండ్రులో సగానికి పైగా వస్తోందని తేల్చారు. 2005 చివరికల్లా తవ్వకం ఆపాలని సుప్రీంకోర్టు 2002లో తీర్పు చెప్పింది. ఆ నదిని ఏప్రిల్లో చూసి వచ్చేసి ఉంటే, బహుశా మెచ్చుకోలు పత్రం ఇచ్చేవారు.

చెయ్యాల్సింది బ్రహ్మవిద్యేమీ కాదు. జోరువానలో నమూనా తీయాలి. గుంట నుంచి నీరు బయటపడే చోట బురదను కొలిచే మీటరు పెట్టి, ఆ అంకెలు పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయాలి. తొలకరికి ముందే పూడిక తీసి, ఊరివాళ్లను పిలిచి లోతు కొలిపించాలి. ఇదంతా కష్టమంటే, న్యాయంగా ఇంకో దారి ఉంది. అధ్యయనంలో వానాకాలం లేదు గనక అనుమతిలోనూ ఉండకూడదు. ఎనిమిది నెలలకే ఇవ్వండి. మిగతా నాలుగు నెలలూ మట్టి కదలరాదని డంపు పేరిటే ఒక నోటీసు జారీ చెయ్యండి. షరతుల అమలుపై ఆరు నెలలకోసారి ఇవ్వాల్సిన నివేదిక కూడా ఆ డంపే సమర్పించుకుంటుంది.