ఫ్రిజ్జు తలుపు పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

కవి హైదరాబాదులో గుమాస్తా ఉద్యోగి. నలభై దాటినవాడు. ఏటేటా చేయించే రక్తపరీక్షలో చక్కెర గీత దాటబోతున్నదనీ, ట్రైగ్లిజరైడ్లు దాటేశాయనీ కాగితం చేతికొచ్చిన రాత్రి ఆయనకు కవిత్వం పొంగింది. తాళపత్రం దొరకనందున కరెంటు బిల్లు వెనక రాసి, తిరుమల నుంచి తెచ్చుకున్న అయస్కాంతం బిళ్లతో ఫ్రిజ్జు తలుపుకు అంటించాడు. వ్యాఖ్యాతకు లభించిన ఏకైక ప్రతి ఇదే. అంచున నూనె మరక పడినా అక్షరాలు చెడలేదు.

మూలం

తే.గీ.
వరియు గోధుమ పప్పులు వదలినాఁడ
పాలు చక్కెర బిస్కట్లు పాఱవైచి
కోడి గుడ్డును మాంసంబు కూరతోడ
రాతియుగమున కేఁగితి రమ్ము సఖియ

ప్రతిపదార్థం

సఖియ = ఓ ఇల్లాలా! (ఆ సమయంలో ఆమె మర్నాటి దోసెలకు మినప్పప్పు నానబోస్తున్నది.) వరియు = అన్నమును, దాని సంతతియైన అటుకులు, మరమరాలు, ఇడ్లీరవ్వలను; గోధుమ = చపాతీని, ఉప్మాను; పప్పులు = కంది, పెసర, మినుము, సెనగలను (వేరుశెనగ నేలలో కాసినా పప్పుజాతిదే కనుక పల్లీ చట్నీ సైతం ఇక్కడే అస్తమించినది); వదలినాఁడ = విడిచితిని; పాలు = కాఫీని, పెరుగును, మజ్జిగను (నేతి విషయమై పండితులు తెగని తగవులో ఉన్నారు. కాచినప్పుడు పాల అంశం పోతుంది గనుక దోషం లేదని కొందరు, పాలకు పుట్టినది పాలేనని కొందరు); చక్కెర = చక్కెరను, బెల్లమును; బిస్కట్లు = ఆఫీసులో నాలుగింటి టీ వెంట వచ్చువాటిని; పాఱవైచి = పిల్లలకు ఇచ్చివేసి (మన ఇళ్లలో తిండి పారవేయుట ఆచారం కాదు); కోడి గుడ్డును, మాంసంబు, కూరతోడ = వీటిని వెంటబెట్టుకుని; రాతియుగమునకు = సేద్యం పుట్టకముందు, అనగా రమారమి పన్నెండు వేల ఏళ్లకు వెనకటి కాలమునకు; ఏఁగితి = పోయితిని; రమ్ము = నీవును రావలెను.

తాత్పర్యం

ఓ ఇల్లాలా! నాగలి పట్టిన తర్వాత మనిషి నేర్చిన తిండి మొత్తం మాని, వేటాడీ ఏరుకునీ బతికిన పూర్వికుల బాట పట్టాను, నువ్వూ రా అని భావం. వచ్చి విడిగా వండిపెట్టు అని ధ్వని. ధ్వనిని కవిపత్ని వెంటనే గ్రహించింది. "ఏమండీ, రాతియుగంలో రాత్రి తొమ్మిదింటికి రెండో కూర ఎవరు చేసేవారో అదీ కనుక్కోండి" అన్నది. ఈ వాక్యానికి ఇంతవరకు ఏ వ్యాఖ్యాతా సమాధానం రాయలేదు.

శాస్త్రమూలం

ఈ పథ్యమతానికి ఆద్యగ్రంథం అమెరికాలో పుట్టింది. వాల్టర్ వోగ్ట్లిన్ అనే జీర్ణకోశ వైద్యుడు 1975లో రాతియుగపు ఆహారం మీద పుస్తకం వేశాడు. 1985లో బోయిడ్ ఈటన్, మెల్విన్ కోనర్ అనే ఇద్దరు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వ్యాసం రాశాక దానికి విద్వత్సభలో పీట పడింది. 2002లో లోరెన్ కార్డెయిన్ అనే ఆచార్యుడు 'ది పేలియో డైట్' రాయగా జనంలోకి పోయింది. వాదం సులభం: మనిషి ఒళ్లు లక్షల ఏళ్లపాటు వేట తిండికి అలవాటుపడింది, సేద్యం వచ్చి పది వేల ఏళ్లే అయింది, ఇంత కొద్ది కాలంలో ఒళ్లు మారలేదు, మధుమేహమూ ఊబకాయమూ ఆ తేడా వల్ల వచ్చినవే.

శంక: ఇది నిలుస్తుందా?

సమాధానం: సగం నిలుస్తుంది. పది వేల ఏళ్లలో ఒళ్లు కొంత మారింది. పెద్దయ్యాక కూడా పాలు అరిగించుకునే గుణం పశువులను పెంచిన జాతుల్లో ఈ మధ్యకాలంలోనే వ్యాపించింది. మన దేశంలో అది ఉత్తరాన ఎక్కువ, దక్షిణాన తక్కువ. కనుక ఒకే ఇంట్లో గ్లాసుడు పాలు అన్నకు అమృతం, తమ్ముడికి ఉబ్బరం కావచ్చు. ఇక ఆదిమానవుడు గింజ ముట్టలేదన్న మాటా పూర్తిగా నిజం కాదు. గలిలీ సరస్సు ఒడ్డున ఒహాలో అనే చోట 23,000 ఏళ్ల నాటి గుడిసెల్లో అడవి బార్లీ గింజలు, గింజలు నూరిన రాయి దొరికాయి.

మరి మాంసమే తిన్నారన్న నమ్మకం ఎక్కడిది? ఎముక మిగులుతుంది, ఆకు కుళ్లిపోతుంది. మన బేతంచెర్ల దగ్గరి బిలస్వర్గం గుహలను 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ తవ్వించినప్పుడు జంతువుల ఎముకలు బోలెడు బయటపడ్డాయి. ఆ పక్కన ఎవరైనా దుంప కాల్చుకు తిన్నా, పండు కోసుకు తిన్నా అది ఫుట్ దొరగారి గంపలో పడే వస్తువు కాదు.

ఇంకొక చిక్కు. మంచు దేశపు వేటగాడి తిండి సీలు జంతువు కొవ్వు. ఆఫ్రికాలో వేటాడీ ఏరుకునీ బతికే హడ్జా జనుల తిండిలో దుంపలు, తేనె బాగా ఉంటాయి. వీరిలో ఏ రాతియుగానికి కవి టికెట్టు కొన్నాడో పద్యంలో చెప్పలేదు. తెలుగునాటికే అనుకుంటే, దక్కనులో తొలి రైతులు పండించినవి ఉలవలు, పెసలు, అండుకొర్రలు. అవి కొత్త రాతియుగానివి. కవి వెళ్లింది పాత రాతియుగానికి. అందుచేత వేల ఏళ్ల వయసున్న ఉలవల చారు ఆయనకు మరీ ఆధునికమై నిషిద్ధమైంది.

అలంకార విచారం

ఇందులో అలంకారం అతిశయోక్తి. ఏమనగా, కవి రాతియుగంలో అన్నానికి బదులు తిన్నది తురిమిన కాలీఫ్లవరు. క్యాబేజీ, కాలీఫ్లవరు, బ్రకోలీ మూడూ ఒకే అడవి మొక్క నుంచి రైతులు తరతరాలుగా ఎంచి ఎంచి తీసినవి. కోడి, వ్యవసాయం వచ్చాక మచ్చికైన పక్షి. ఆ కోడికూరలో పడ్డ మిరపా టమాటా అమెరికా ఖండాలవి. మిరప పోర్చుగీసు ఓడల వెంట 16వ శతాబ్దంలో గాని మన తీరం చేరలేదు. కాబట్టి కవి రాతియుగానికి పోలేదు, మోండా మార్కెట్ దాకా పోయి వచ్చాడు.

రసం విషయానికొస్తే తొలివారం వీరం, మూడో వారం కరుణ. చారులో కందికట్టు పడుతుంది కనుక అసలు రసం ఈ పద్యానికి నిషిద్ధమని ఒక చమత్కారి.

మతాంతరాలు

తెలుగునాట పథ్యమతాలకు లోటు లేదు. ఉప్పూ నూనే విడిచి పచ్చి కూరలూ మొలకలూ తినమన్నారు మంతెన సత్యనారాయణ రాజుగారు. వరి గోధుమలు మాని కొర్రలు, అండుకొర్రలు, సామలు, ఊదలు, అరికెలు తినమన్నారు ఖాదర్ వలీగారు. గింజలన్నీ కట్టిపెట్టి రోజుకు 70 గ్రాములకు తక్కువ కాకుండా కొబ్బరినూనె, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు అన్నారు వీరమాచనేని రామకృష్ణగారు. కవి తండ్రిగారు మొదటి మతం, అత్తగారు రెండోది, బావమరిది మూడోది. పండుగనాడు ఆ ఇంట్లో పొయ్యి ఖాళీ దొరకదు.

అయితే చదువరి ఒక సూక్ష్మం గమనించాలి. నూనెలోనూ ఉప్పులోనూ గింజలోనూ ఎడమొహం పెడమొహంగా ఉన్న ఈ మతాలన్నీ చక్కెర దగ్గర, మైదా దగ్గర ఒక్కటైపోతాయి. కవి అనుసరించిన పేలియో మతమూ అక్కడే కలుస్తుంది. కవికి బెల్టు రెండు చిల్లులు లోపలికి రావడానికి కారణం ఆదిమానవుడు కాడు. నాలుగింటి బిస్కట్లు, ఆరింటి మిర్చిబజ్జీ, రాత్రి సీరియల్ చూస్తూ పెట్టించుకునే మారు అన్నం మానడమే కారణం. తొలివారంలో తగ్గిన బరువులో చాలా భాగం ఒంట్లోని నీరని కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఆ సంతోషంతో కొత్త ప్యాంట్లు కుట్టించరాదు.

లోకవృత్తం

పద్యం వేరు, పెళ్లి విస్తరి వేరు. మేనల్లుడి పెళ్లిలో కవి బంతిలో కూర్చున్నాడు. వడ్డించే కుర్రాడు అన్నం బేసినుతో వచ్చి గరిట ఎత్తాడు. కవి విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాడు. కుర్రాడికి అర్థం కాక గరిట అలాగే పట్టుకుని నిలబడ్డాడు. బంతి మొత్తం ఇటు తిరిగింది. "ఏం నాయనా, షుగరా?" అంది ఎదుటి వరసలోని పెద్దమ్మ. "కాదు పెద్దమ్మా, అన్నం మానేశా" అన్నాడు కవి. "అయ్యో, షుగరే!" అని ఆమె పక్కావిడకు చెప్పింది. పెరుగన్నం వేళకు పెళ్లివారందరికీ కవి రోగం తెలిసిపోయింది, ఒక్క కవికి తప్ప. తెలుగుదేశంలో అన్నం వద్దన్నవాడికి ఒకటే రోగం. పథ్యం పట్టదలచినవారు కడుపును ఒప్పించడానికి ముందు పెద్దమ్మకు చెప్పే జవాబు సిద్ధం చేసుకోవాలి.

పాఠాంతరం

కొన్ని నెలల తర్వాతి కరెంటు బిల్లు వెనక ఈ పాఠం కనిపించింది.

తే.గీ.
వరినిఁ దగ్గించి పప్పును వదలనైతి
పెరుఁగు నుంచితి బిస్కట్లు పెరికివైచి
కోడి గుడ్డును చేపయుఁ గూరలుండ
నేఁటి యుగమున కేతెంచి నిలిచినాఁడ

ఇది ప్రక్షిప్తమనీ, కవిపత్ని రచన అనీ కొందరి అనుమానం. దస్తూరి కవిదే. మార్పు ఎలా వచ్చిందంటే, నెల రోజులు అన్నీ మానిన కవి, పిదప ఒక్కొక్కటే వెనక్కి పిలిచాడు. ఒక వారం పెరుగు: కడుపు అభ్యంతరం చెప్పలేదు. తర్వాతి వారం గ్లాసుడు కాచిన పాలు: ఉబ్బరం. ఆ తర్వాత ముద్దపప్పు: హాయి. ఉప్మా తిన్న రోజు మాత్రం పదకొండు గంటలకే ఆకలి. అన్నం ఎంత తినవచ్చో ఏ గ్రంథమూ తేల్చలేదు. భోజనమైన రెండు గంటలకు వేలు పొడిచి చూసుకున్న గ్లూకోమీటరు తేల్చింది: కంచంలో సగం కూరలు, పక్కన గుడ్డో చేపో పప్పో, పిడికెడు అన్నం. వంట మళ్లీ ఇంటిల్లిపాదికీ ఒకటే అయింది. కనుక వ్యాఖ్యాతకు రెండో పాఠమే గ్రాహ్యం.

ఫలశ్రుతి

ఈ పద్యం పఠించి పథ్యం ఆరంభించేవారికి హెచ్చరిక. షుగరుకు మాత్రలో ఇన్సులినో వాడేవారు డాక్టరును అడగకుండా అన్నం మానకూడదు. మందు మోతాదు అలాగే ఉండి తిండి తగ్గితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మూత్రపిండాల జబ్బున్నవారు సొంత బుద్ధితో మాంసం పెంచకూడదు. పాలూ పెరుగూ పూర్తిగా విడిచేవారు కాల్షియం కోసం నువ్వులు, మునగాకు, ముల్లుతో సహా తినే నెత్తళ్లు పళ్లెంలోకి తెచ్చుకోవాలి. శాకాహారులు పాలు, పప్పు రెండూ ఒకేసారి మానితే మాంసకృత్తులకు దారి బాగా ఇరుకవుతుంది. వారు రెండో పాఠాన్నే అనుసరించాలి. మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షను ఆరంభంలో ఒకసారి, మూడు నెలలు గడిచాక ఒకసారి చేయించుకోండి. వారం వారం చేయించి ల్యాబుకు సమర్పించుకోవద్దు. ఏ మతమైనా ఏడాది తర్వాత కూడా మీ వంటింట్లో నిలిస్తేనే అది మీకు సరిపడినట్టు. ఆ తేలికైన పరీక్షకు ముందు ఇంకా తేలికైన పని ఒకటుంది: ఈ నెల సరుకుల చీటీలో చక్కెర సగం చేయండి, బిస్కట్లు కొట్టేయండి.