నాయకత్వం నేర్పబడును

ఆదివారం పొద్దున. మాదాపూర్‌లో ఒక స్టార్ హోటల్. వేదిక మీద కోటు గురువుగారు గొంతు చించుకుంటున్నారు: మీలో నిద్రపోతున్న లీడర్‌ను లేపండి! హాల్లో కూర్చున్న ఉద్యోగులేమో నిజంగానే కునుకు ఆపుకోలేకపోతున్నారు. దొరికిన ఒక్క సెలవునాడు తెల్లారకముందే లేపి తోలుకొచ్చింది కంపెనీయే. ఇంకా ఎవర్ని లేపుతాడు స్వామీ?

ఒకప్పుడు సందుకొకటి చొప్పున 'టైపు నేర్పబడును' బోర్డులుండేవి. టైపు నేర్చినవాడు కనీసం టైపు కొట్టేవాడు. నాయకత్వం నేర్చినవాళ్లు ఏం చేస్తున్నట్టు?

అసలు ఈ పాఠాలు ఎవరికి? నోరు పారేసుకునే మేనేజరుకా, ఆ నోటికి బలయ్యే జూనియరుకా? జూనియరుకే! కోపమొస్తే పది అంకెలు లెక్కపెట్టుకోవాలట. ఒత్తిడిలో అవకాశం వెతుక్కోవాలట. మేనేజరుగారు జ్యోతి వెలిగించి, నాలుగు ముక్కలు మాట్లాడి, ఫొటో దిగి వెళ్లిపోతారు. బిజీ మరి. ఎదగాల్సింది కిందివాళ్లే. పైవాళ్లు ఎప్పుడో ఎదిగిపోయారు.

ఎంత ఎదిగారో చూద్దాం. యువత వారానికి 70 గంటలు పనిచేయాలని ఇన్ఫోసిస్ నారాయణమూర్తి 2023లో సెలవిచ్చారు. అది చాలదనిపించిందేమో, ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ 90 అన్నారు. 2025 జనవరిలో ఆ వీడియో బయటికొచ్చింది. ఆదివారాలు కూడా మీచేత పని చేయించలేకపోతున్నందుకు ఆయన చింతిస్తున్నారట. ఇంట్లో కూర్చుని భార్యను ఎంతసేపు చూస్తారని ఎదురు ప్రశ్న! అయ్యా, ఆ భార్య కూడా ఉద్యోగం చేస్తుంటే? 90 గంటలు మీకిచ్చి, ఇంటికొచ్చి వంటింట్లో నిలబడే గంటలు ఏ ఖాతాలో రాయమంటారు?

జనం ఊరుకోలేదు. జీతాల లెక్క తీశారు. 2023-24లో ఆయనగారికి ముట్టింది 51 కోట్లు. కంపెనీ ఉద్యోగులను జీతాల వరుసలో నిలబెడితే సరిగ్గా నడిమిన నిలబడే మనిషి సంపాదనకు ఇది 534 రెట్లు. వారానికి ఉన్నవే 168 గంటలు. కన్ను మూయకుండా పనిచేసినా, వారానికి 48 గంటలు పనిచేసే మనిషికి మూడున్నర రెట్లే. మిగతా 530 రెట్లు ఏ గంటల్లో చేశారో? ఆ కిటుకు ఏ వర్క్‌షాపులో చెబుతారో కనుక్కోండి, అప్పు చేసైనా ఫీజు కట్టేద్దాం.

సర్కార్లు వెనకబడతాయా? 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రోజుకు 9 గంటలు, వారానికి 48 చాలంది. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఆ 9ని 10 చేయాలని తీర్మానించింది. జులైలో తెలంగాణ, దుకాణాలను వదిలేసి, వాణిజ్య సంస్థలకు 10 గంటల జీవో ఇచ్చింది. వారానికి 48 దాటితే ఓటీ ఇస్తారని అభయం. ఇచ్చినవాళ్లను చూశారా? నీళ్ల దగ్గర్నుంచి ఆస్తుల దాకా కొట్టుకునే రెండు రాష్ట్రాలూ దీని దగ్గరకొచ్చేసరికి అన్నదమ్ములైపోయాయి. వ్యాపారం సులువు కావాలట! పని సులువు కావాలని జీవో ఇచ్చే నాథుడెక్కడ?

పైవాళ్లకు బాగా పడ్డాయని చప్పట్లు కొడుతున్నారా? ఆగండి. మన అపార్ట్‌మెంటుకే వస్తున్నాం.

1970లో రాబర్ట్ గ్రీన్‌లీఫ్ అనే అమెరికన్ ఒక వ్యాసం రాశాడు. నాయకుడు కావాలంటే ముందు సేవకుడు కావాలన్నది దాని సారం. ఆ వ్యాసం చదవకపోయినా మన ఐదో అంతస్తు సార్ 'సర్వెంట్ లీడర్‌షిప్' మీద లింక్డ్‌ఇన్‌లో పేజీలకు పేజీలు రాస్తాడు. ఆయనింటి సర్వెంట్ మాత్రం జ్వరమొచ్చి రెండ్రోజులు రాకపోతే జీతం కోతే. 'పనివాళ్లు, డెలివరీ వాళ్లు ఈ లిఫ్టు వాడరాదు' అని కింద బోర్డు. పెట్టించింది ఎవరనుకున్నారు? అసోసియేషన్ సెక్రటరీ హోదాలో ఈయనే. ఐదంతస్తులూ మెట్లెక్కి బిర్యానీ తెచ్చిన కుర్రాడికి రేటింగులో ఒక నక్షత్రం తగ్గించేదీ ఈయనే. ఆలస్యమైందట!

నైట్ డ్యూటీ వాచ్‌మన్‌కు వారానికో సెలవిద్దామని మొన్నటి మీటింగులో ఒక పెద్దావిడ నోరు తెరిచింది. 'మంచి పాయింటమ్మా, కానీ ఎజెండాలో లేదు' అన్నాడు సార్, చిరునవ్వు చెదరకుండా. ఆ చిరునవ్వు వర్క్‌షాపులో నేర్చిందే. ఎజెండాలో ఏముందయ్యా అంటే, జిమ్‌కు కొత్త అద్దాలు.