నాంపల్లి రాగి తీగ ఆత్మకథ

నేను టెలిఫోను రాగి తీగను. ఒంటరి తీగను కాను, నాకు జోడు ఉంది. ఒకరికి ఎర్ర తొడుగు, ఇంకొకరికి నారింజ తొడుగు. పుట్టుకతోనే మమ్మల్ని పేనేశారు కాబట్టి నేను అన్నప్పుడల్లా ఇద్దరమనే లెక్క.

నా పుట్టిల్లు హైదరాబాదులోని హిందుస్థాన్ కేబుల్స్ కర్మాగారం. నా మందం అర మిల్లీమీటరు. నాలాంటి జతలను ఒక్క కట్టగా చుట్టి, నీరు చొరబడకుండా సందుల్లో జెల్లీ కూరి, పైన నల్లటి పాలిథీన్ తొడిగారు. పక్కపక్కనున్న జతలకు మెలిక ఒకేలా వెయ్యరు. వేస్తే పక్కింటివాళ్ల మాటలు నాలో వినిపిస్తాయి. ఈ మెలిక సంగతి కాస్త గుర్తుంచుకోండి, ముందు పని పడుతుంది.

టెలిఫోను ఎక్స్ఛేంజీలో ఎమ్‌డీఎఫ్ అనే పెద్ద ఇనుప చట్రం దగ్గర నా ప్రయాణం మొదలవుతుంది. ఆబిడ్స్ రోడ్ల కింద నడిచి, ఫుట్‌పాత్ మీది పిల్లర్ పెట్టెలో ఒకసారి తల పైకెత్తి, మళ్లీ మట్టిలోకి దిగి, నాంపల్లి స్టేషను వెనక సందులో స్తంభానికున్న డీపీ బాక్సులో తేలతాను. అక్కణ్నుంచి డ్రాప్ వైరుగా గాలిలో ఊగుతూ ఒక పాత మేడ ఇంటి గోడలో దూరి, రోసెట్టు డబ్బాలో ఆగుతాను. మొత్తం కిలోమీటరున్నర. దారిలో ఎన్ని అతుకులుంటే నాకు అన్ని చోట్ల జబ్బు చేసే వీలుంది.

మొదట్లో నా ఉద్యోగం తేలిక. ఎక్స్ఛేంజీ బ్యాటరీ నుంచి 48 వోల్టులు ఎప్పుడూ నాలో ఉండేవి. గంట మోగాలంటే దాదాపు 75 వోల్టులు వచ్చేవి. అప్పుడు నన్ను వట్టి చేత్తో పట్టుకున్న లైన్‌మన్ ఉలిక్కిపడి చెయ్యి లాక్కునేవాడు. మనిషి గొంతుకు 300 నుంచి 3,400 హెర్ట్జ్‌ల దాకా చోటిస్తే చాలు. పెళ్లి సంబంధాలు, రైలు వేళలు, నుమాయిష్‌కు ఎప్పుడు వెళదామన్న సంప్రదింపులు, అన్నీ ఆ కాస్త జాగాలోనే సర్దుకున్నాయి.

2005 జనవరి 14న బీఎస్ఎన్ఎల్ డేటావన్ పేరుతో బ్రాడ్‌బ్యాండ్ మొదలుపెట్టింది. మాటలు నడిచే జాగాను ముట్టుకోకుండా, దాని పైన ఖాళీగా పడున్న 1,104 కిలోహెర్ట్జ్‌ల దాకా నన్ను వాడుకోవడం మొదలైంది. ఆ జాగాను 4.3125 కిలోహెర్ట్జ్‌ల చొప్పున సన్నటి పట్టీలుగా చీల్చారు. ఒక్కో పట్టీ మీద సెకనుకు 4,000 సార్లు సమాచారం వెళుతుంది. పట్టీ శుభ్రంగా ఉంటే ప్రతిసారీ 15 బిట్ల దాకా మోస్తుంది. రొద ఎక్కువైతే మోడెమ్ ఆ పట్టీ బరువు తగ్గిస్తుంది, మరీ ఎక్కువైతే దాన్ని వదిలేస్తుంది. వేగం తగ్గిందని మీరనేది చాలాసార్లు దీన్నే.

ఈ రొదలో మన ఊరిదీ ఒకటుంది. ఆకాశవాణి హైదరాబాద్ 'ఎ' కేంద్రం మీడియం వేవ్‌లో 738 కిలోహెర్ట్జ్‌ల మీద పలికేది. అది సరిగ్గా నా పట్టీల నడుమ, 171వ దాని మీద పడుతుంది. నా మెలిక సరిగా ఉన్నంతకాలం ఆ తరంగం మా ఇద్దరి మీదా సమానంగా పడి దానికదే కొట్టుకుపోతుంది. మెలిక విడిపోయిందా, నేను ఏరియల్ అయి కూర్చుంటాను.

అప్పట్లో 256 కిలోబిట్ల వేగమే బ్రాడ్‌బ్యాండ్. మేడ ఇంటి మనవడు డౌన్‌లోడ్ పెట్టి, "తాతా, 256 అన్నారు, ఇందులో 32 కూడా దాటట్లేదు" అని గగ్గోలు పెట్టాడు. అందులో నా తప్పేం లేదు. కంపెనీ చెప్పేది బిట్లలో, తెర మీద చూపేది బైట్లలో. ఎనిమిది బిట్లు ఒక బైటు. 256ని ఎనిమిదితో భాగిస్తే వచ్చేది 32 కిలోబైట్లే.

తర్వాత ఆ ఇల్లు రెండు మెగాబిట్ల ప్లానుకు మారింది. కొన్నాళ్లు బాగానే నడిచి, ఉన్నట్టుండి వేగం పడిపోయింది. ఫోను మోగితే నెట్ తెగిపోయేది. లైన్‌మన్ వచ్చాడు. నేరుగా మోడెమ్ జోలికి పోలేదు.

"పెద్దమ్మా, ఇంట్ల ఫోన్లు ఎన్నున్నయ్?"

"రెండు నాయనా. హాల్లో ఒకటి, మేడ మీద ఒకటి."

"మీదిదానికి ఈ ఫిల్టర్ డబ్బా పెట్టలేదా?"

"దానికెందుకూ? అది ఇంటర్నెట్ ఫోను కాదుగా!"

లైన్‌మన్ నవ్వి ఊరుకున్నాడు. ఒకే తీగ మీద ఎన్ని ఫోన్లుంటే అన్నింటికీ ఫిల్టర్ ఉండాలి. లేకపోతే ఆ ఫోను నా పైపట్టీలను పీల్చేస్తుంది, రిసీవర్ ఎత్తినా గంట మోగినా రొద పుట్టిస్తుంది. తర్వాత అతను హాల్లో రోసెట్టు మూత విప్పాడు. స్క్రూ కింద నా కొస చిలుము పట్టి పచ్చగా ఉంది. మేడ మీదికి వెళ్లే తీగను ఎప్పుడో చేత్తో మెలేసి టేపు చుట్టారు. అతను ఆ తీగను ఊడదీశాడు, నా కొసను కత్తిరించి కొత్త రాగి తేల్చి బిగించాడు, మోడెమ్‌ను తెచ్చి ఆ డబ్బాకే తగిలించాడు. మనవడు బ్రౌజరులో 192.168.1.1 కొట్టి మోడెమ్ పేజీ తెరిచాడు. ఎస్ఎన్ఆర్ మార్జిన్ అంతకుముందు 4 డెసిబెల్స్, ఇప్పుడు 24. రొద మీద నాకున్న పైచెయ్యి ఎంతో చెప్పే అంకె అది. ఆరుకు దిగితే లైను తడబడుతుంది. దాని పక్కనుండే అటెన్యుయేషన్ అంకె మాత్రం నా పొడవును బట్టి ఉంటుంది, స్క్రూ ఎంత బిగించినా పెద్దగా మారదు. ఎక్స్ఛేంజీకి ఐదు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇంటికి కిలోమీటరు దూరంలోని ఇంటి వేగం రాదు.

ఇంటి బయటా జబ్బులున్నాయి. ఒకసారి పిల్లర్‌లో జంపర్లు మార్చినప్పుడు నా ఎర్ర తొడుగు తీగను వేరే జతలోని తీగతో జోడించారు. మాటలు చక్కగా వినిపించాయి, డయల్ టోనూ వచ్చింది. నెట్ మాత్రం నీరసపడింది. పేనిన జోడు మారితే గొంతుకు ఏమీ కాదు, పైపట్టీలకు దిక్కుండదు. ఫోను బాగానే ఉంది కనక లైను బాగుందనుకోకండి.

దీనికి తిరగేసిన వింతా జరిగింది. ఒక వానాకాలం డీపీ బాక్సులో నీళ్లు చేరి నా నారింజ తొడుగు తీగ తెగింది. ఫోను పూర్తిగా మూగబోయింది, ఇంటర్నెట్ మాత్రం కుంటుతూ నడిచింది. బ్యాటరీ కరెంటు తెగిన చోటు దాటలేదు, ఎక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు చిన్న ఎడాన్ని దూకేస్తాయి. నెట్ వస్తోంది కదాని ఊరుకున్న ఇంటివాళ్లు, డయల్ టోన్ లేదని చాలా ఆలస్యంగా గమనించారు. వేగం తగ్గినప్పుడు ముందు రిసీవర్ ఎత్తి వినడం అందుకే.

నా కాలం అయిపోవచ్చింది. హిందుస్థాన్ కేబుల్స్ మూసివేతకు 2016లో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. 2023లో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కనీస వేగం రెండు మెగాబిట్లన్నారు. మేడ ఇంటికీ ఫైబర్ వచ్చింది. దాని మీద నాకు అసూయ లేదు. అది చిలుము పట్టదు, రేడియో వినదు.

అయితే ఫైబర్ వచ్చాక కూడా ఆ ఇంట్లో నెట్ నెమ్మదిస్తూనే ఉంది. మోడెమ్ హాల్లో, మనుషులు మేడ మీద, మధ్యలో పాతకాలపు మందపాటి గోడలు. ఇన్నేళ్లలో నాకు తెలిసిందల్లా ఇదే: వీధిని తిట్టే ముందు ఇల్లు చూసుకోవాలి. రాగి తీగైతే మిగతా ఫోన్లన్నీ ఊడదీసి, మోడెమ్‌ను బయటి తీగ వచ్చే మొదటి డబ్బాకే తగిలించి వేగం చూడండి. ఫైబరైతే వైఫై పక్కన పెట్టి, మోడెమ్‌కు కేబులుతో కంప్యూటర్ కలిపి చూడండి. అక్కడ వేగం వస్తే లోపం ఇంట్లోనే. అక్కడా రాకపోతే అంకెలు రాసుకుని ఫిర్యాదు చెయ్యండి. లైన్‌మన్ ఎక్కడ వెతకాలో వచ్చేముందే తెలుసుకుంటాడు, మీ పనీ త్వరగా అవుతుంది.